అద్దంలో బంతిరేకు

నేను ఒక హార్డ్‌డిస్కుని. కంగారు పడకండి, నా కథలో లెక్కలూ సూత్రాలూ ఉండవు. ఒక ఇల్లు, ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక బంతిపూరేకు, అంతే. చూడ్డానికి నేను ఇటుకముక్కంత ఇనప డబ్బాని. లోపల నున్నటి బిళ్ళలు గిర్రున తిరుగుతుంటాయి, వాటిమీద ఒక సన్నటి పుల్ల అటూఇటూ ఆడుతూ రాస్తుంది, రాసినదాన్ని చదువుతుంది. రాయమన్నది రాయడం, అడిగినప్పుడు అప్పజెప్పడం, ఇదీ నా బతుకు. సొంత తెలివి పిసరంత కూడా లేదు. చెవులు మాత్రం పెద్దవి. ఒంట్లో కరెంటు ఉన్నా లేకపోయినా చుట్టుపక్కల వాళ్ళు మాట్లాడుకునేది వినపడుతూనే ఉంటుంది. ఆ పాడు అలవాటే లేకపోతే ఈ కథ మీదాకా వచ్చేదే కాదు.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల, దుమ్మన్నదే దూరని ఒక ఫ్యాక్టరీలో. తెల్ల ముసుగులు వేసుకున్న మనుషులు నన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారు. అంత మడిగా పుట్టినవాణ్ణి చివరికి ఎక్కడ తేలానయ్యా అంటే, సామర్లకోట స్టేషను దగ్గర సందులో, సోమరాజుగారి మైకుసెట్టు కొట్లో. ముందు గదిలో కొట్టు, వెనక కాపురం. పొద్దున్న లేస్తే గొట్టం మైకుల తుప్పు, సాయంత్రమైతే ఆయన భార్య భ్రమరాంబగారి తిరగమోత పొగ. తలరాత ఎవరు తప్పించగలరు చెప్పండి!

నేను ఒక్కణ్ణే రాలేదు. నాతోపాటు అదే పూట తయారైనవాడు ఇంకొకడు వచ్చాడు. ఇద్దరినీ పక్కపక్కన పెడితే మమ్మల్ని చేసినవాళ్ళు కూడా పోల్చుకోలేరు. సోమరాజుగారి కూతురు హైమ మమ్మల్ని కాకినాడలో కొనుక్కొచ్చింది. ఆ పిల్ల అక్కడే ఒక ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేస్తుంది, రోజూ రైలుకి వెళ్ళి రైలుకి వస్తుంది. పాత కంప్యూటర్ పెట్టె ఒకటి తెచ్చి, దానికి రెండు సొరుగులు పెట్టించి, పై సొరుగులో వాణ్ణీ కింది సొరుగులో నన్నూ తోసి, "ఇదే మనింటి సర్వర్ నాన్నా" అంది. వాడికి పెద్దోడనీ నాకు చిన్నోడనీ పేర్లు కూడా పెట్టింది. సొరుగు పూర్తిగా లోపలికి వెళ్తే 'టక్' మని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

ఆ రోజు హైమ వాళ్ళ నాన్నకి ఓపిగ్గా చెప్పింది. పెద్దోడిమీద ఏది రాస్తే అదే క్షణాన చిన్నోడిమీదా పడుతుంది, అద్దంలో బొమ్మలాగ. రేపు వీళ్ళలో ఒకడు చెడిపోయినా రెండోవాడి దగ్గర అంతా భద్రంగా ఉంటుంది అని. సోమరాజుగారు తలూపారు. ఆయన చెవికి ఎక్కింది మాత్రం చివరి ముక్క ఒక్కటే. మనుషులతో ఇదే చిక్కు. మాట మొత్తం వినే ఓపిక ఉండదు, నచ్చిన ముక్క చెంగుకి ముడేసుకుని పోతారు.

సోమరాజుగారి సంగతి కూడా చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ పందిరి వేసినా మైకు ఆయనదే. ఆయనకి ఒక అలవాటుంది. మైకు పెట్టిన ప్రతిచోటా ఒక వైరు టేప్‌రికార్డరుకి తగిలించి, జరిగినదంతా కేసెట్టులోకి ఎక్కించేవారు. బుర్రకథలు, సన్నాయి మేళాలు, హరికథలు, ఆఖరికి పంచాయితీ ఎన్నికల తగాదాలు కూడాను. ఎందుకండీ అంటే, "మళ్ళీ రాదు కదండి" అనేవారు, అంతే. అటకమీద బస్తాలు బస్తాలు కేసెట్లు బూజు పడుతుంటే హైమ చూడలేక, సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని ఒక్కొక్కటే మాలోకి ఎక్కించింది. ఆ పని అయ్యాక అక్కర తీరిన కేసెట్లని సోమరాజుగారు రైతులకి పంచేశారు. వాళ్ళు ఆ టేపు లాగి చేలకి అడ్డంగా కట్టుకున్నారు. గాలికి తళతళా మెరిసి పిట్టలు బెదురుతాయట. అలా ఎందరో గొప్పవాళ్ళ కంఠాలు వరిచేలకి కాపలా పోయాయి.

వాటిలో ఒకటి సుందరమ్మగారి 'గోదారమ్మ కథ'. ఆవిడ హరికథ చెబుతారు. చిడతల సుందరమ్మ అంటే రామచంద్రపురం నుంచి తుని దాకా తెలియనివాళ్ళు లేరు. గోదారమ్మ కథ ఆవిడ గురువుగారు కట్టినది, అచ్చుకి ఎక్కలేదు, ఆవిడ తప్ప చెప్పేవాళ్ళు లేరు. సోమరాజుగారి మైకులో ఎప్పుడో ఒకసారి చెబితే ఆయన కేసెట్టుకి ఎక్కించారు. ఆ కేసెట్టు పిట్టల పాలైంది. కథ మాత్రం మా ఇద్దరిమీదా ఉంది.

అంతా చల్లగా సాగిపోతుండగా దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆ ఇంట్లో ఆయుధపూజ పెద్ద ఎత్తున చేస్తారు. ఆంప్లిఫయర్లు, గొట్టాలు, వైరు చుట్టలు, కటింగ్ ప్లేయరు, అన్నీ కడిగి తుడిచి వరసగా చాపమీద పెట్టారు. భ్రమరాంబగారి చూపు మామీద పడింది. అన్నం పెట్టే వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాం అన్నారు. తడి తగలకూడదమ్మా అని హైమ మొత్తుకుంది. పొడిగుడ్డతోనే తుడుస్తాలేవే అని ఆవిడ మాటిచ్చారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. పెట్టె ఆపించి, మమ్మల్ని సొరుగుల్లోంచి లాగి, దుమ్ము తుడిచి, ఒంటికి గంధం రాసి, బంతిపూలు పెట్టి, హారతిచ్చారు. నిజం చెప్పొద్దూ, నా ఒళ్ళు పులకరించింది. ఆ తెల్ల ముసుగుల ఫ్యాక్టరీలో నన్ను ముట్టుకున్నవాళ్ళున్నారు గానీ, దణ్ణం పెట్టినవాళ్ళు లేరు.

తరవాత ఆవిడే మమ్మల్ని మళ్ళీ లోపలికి తోశారు. పెద్దోడు టక్ మన్నాడు. నేను అనలేదు. నా వీపుకి ఒక బంతిరేకు అంటుకుని ఉంది. అది లోపల అడ్డుపడి, నేను అంతా వెళ్ళినట్టే కనిపించి కొసన ఆగిపోయాను. నాకు కరెంటు అందలేదు.

అలాంటప్పుడు చెప్పడానికే పెట్టె మొహంమీద చిన్న ఎర్రదీపం ఉంటుంది. అది వెలిగింది కూడా. కానీ మొహమన్నాక నుదురుండాలి కదా! భ్రమరాంబగారు వెతికి వెతికి, కాస్త ఉబ్బెత్తుగా ఉన్న చోటు చూసి, గంధం పెట్టి దానిమీద దిట్టంగా కుంకుమ అద్దారు. అది సరిగ్గా ఆ దీపమే. ఇంట్లో పనులన్నీ పెద్దోడిమీద నడిచిపోతుండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. పెట్టె తన వంతు ధర్మంగా హైమకి హెచ్చరికలు పంపుతూనే ఉంది. అవి ఆ పిల్ల ఎప్పుడో తెరిచి మరిచిపోయిన మెయిల్‌లోకి పోయి పడుతున్నాయి.

అలా నేను అద్దంలోంచి జారిపోయాను. పెద్దోడు ముందుకి పోతున్నాడు, నేను మహర్నవమి దగ్గరే ఆగిపోయాను. వాడిమీద ఇవాళ ఏం రాశారో అని ఒకటే ఆరాటంగా ఉండేది. చెవులు తప్ప నాకేమీ మిగల్లేదు.

ఆ చెవులతోనే విన్నాను. మాఘమాసంలో పెళ్ళిళ్ళు ముమ్మరమయ్యాయి. సోమరాజుగారు అప్పటికి మైకుతోపాటు వీడియోలు కూడా తీయిస్తున్నారు. ఆకాశంలోంచి తీసిన పెళ్ళిళ్ళు కూడా పెట్టెలోకి వచ్చి పడుతున్నాయి. ఒకరోజు చోటు చాలదంది పెట్టె. హైమ ఆఫీసు పనిమీద విశాఖపట్నం వెళ్ళింది. సోమరాజుగారు తనే కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పాత కేసెట్లన్నీ ఉన్న ఫోల్డరు మొత్తం తీసి పారేశారు. అమ్మాయిని అడక్కుండా తీసేస్తున్నారేంటండీ అని భ్రమరాంబగారు అడిగారు.

"చిన్నోడి దగ్గర ఉంటాయే," అన్నారాయన. "ఒకడిది పోయినా రెండోవాడి దగ్గర ఉంటాయని అదే కదా చెప్పింది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకే ఇంట్లోనైనా ఆయన పెద్దోడి దగ్గర చెరిపిన మరుక్షణం నా దగ్గరా చెరిగిపోయేది. మా పనే అంత. రాసింది రాసుకున్నట్టే, చెరిపింది చెరిపేసుకుంటాం. ఆయన నమ్మింది శుద్ధ తప్పు. కానీ ఈ ఇంట్లో, ఒక్క బంతిరేకు పుణ్యమా అని, ఆ తప్పే నిజమై కూర్చుంది. అవన్నీ నా దగ్గరున్నాయి. ఉన్నాయని నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు.

ఆ రోజునుంచీ నాకు ఆ చప్పుడంటే భయం పట్టుకుంది. ఎవరైనా నన్ను చూసి, అయ్యో సరిగా దూరలేదే అని టక్ మనిపించారా, అయిపోయినట్టే. పెట్టె నన్ను చూసి వీడు వెనకబడ్డాడు అంటుంది, పెద్దోడి దగ్గరున్నది మొత్తం నామీద తిరగరాసేస్తుంది. గోదారమ్మమీద ఎవరివో పెళ్ళి ఊరేగింపులు పోతాయి.

శ్రావణంలో ఒక పిడుగు పడింది. మేమిద్దరం క్షేమమే గానీ, పెట్టెని నడిపించే సిస్టం ఉన్న ఇంకో చిన్న డిస్కు పాడైంది. తెర నల్లగా ఉండిపోయింది. ఆదివారం కూర్చుని అంతా కొత్తగా ఎక్కించాలని హైమ అనుకుంది. సరిగ్గా ఆ వారంలోనే సుందరమ్మగారు వచ్చారు.

నేను ఆవిడ గొంతుని మోస్తున్నవాణ్ణి. అయినా గుర్తుపట్టలేకపోయాను. గొంతుకి ఆపరేషను అయిందట, గుసగుస తప్ప మాట రావడం లేదు. దసరా నవరాత్రుల్లో అమ్మవారి గుడి దగ్గర శిష్యురాలు చంద్రకళ చేత గోదారమ్మ కథ చెప్పిస్తానని ఒప్పుకున్నారు. చంద్రకళ టైలరింగు చేసుకునే ఆవిడ, ఒంటరిగా కథ చెప్పడం ఇదే మొదలు. మాటలన్నీ సుందరమ్మగారికి కంఠతా వచ్చు. పాటల మట్లు పాడి చూపించడానికే గొంతు లేదు.

"నేర్పుదాం నేర్పుదాం అనుకుంటూ వాయిదా వేశాను బాబూ," అని గుసగుసగా అన్నారు. "మా గురువుగారి కథ నాతో ఆగిపోకూడదు. మీ కేసెట్టు ఒక్కటే దిక్కు."

సోమరాజుగారు నిబ్బరంగా, రెండోదాంట్లో ఉందండి, ఆదివారం రండి, మా అమ్మాయి తీసిస్తుంది అని పంపించారు. సాయంత్రం హైమ వచ్చాక సంగతంతా చెప్పారు. ఆ పిల్ల చెప్పుల్తోనే గుమ్మంలో కూలబడింది. రెండోవాడి దగ్గర ఉండటమనేది డిస్కు చెడితేనే గానీ మనం చెరిపితే కాదని, చెరిపింది ఇద్దరి దగ్గరా పోతుందని మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది.  భ్రమరాంబగారు మాట అందుకున్నారు.

"మీరు మీసం తీసేస్తే అద్దంలో మాత్రం మీసం మిగుల్తుందా ఏంటండీ?"

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. కేసెట్టు అయినా ఉంచుకున్నాను కాదే అని ఒకటే మాట. పాపం అనిపించింది. ఉందండీ బాబూ, నా దగ్గరుందండీ అని అరవాలనిపించింది. నోరుంటేగా.

ఆదివారం పొద్దున్నే సుందరమ్మగారు వచ్చి స్టూలుమీద కూర్చున్నారు. జరిగింది హైమ దాచకుండా చెప్పేసింది. ఆవిడ చేతిసంచిలోంచి చిడతలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లేచి వెళ్ళిపోయినా బాగుండేది, ఆ కూర్చోవడమే సోమరాజుగారిని ఎక్కువ బాధపెట్టింది.

కొత్త సిస్టం ఎక్కించేటప్పుడు పొరపాటున మమ్మల్ని తుడిచేస్తుందేమోనని హైమ ముందే మా ఇద్దరినీ లాగి పేపరుమీద పెట్టింది. ఆ పని అయ్యాక పెద్దోణ్ణి ఒక్కణ్ణే తగిలించి, చెరిపేసినవాటిని వెతికే ప్రోగ్రాం ఒకటి నడిపించింది. అందరూ తెరకి అతుక్కుపోయారు. చాలాసేపటికి 'గోదారమ్మ కథ' అన్న పేరు కనబడింది. సోమరాజుగారు రెండు చేతులూ జోడించారు. హైమ దాన్ని నొక్కింది. డోలు మోగింది, వెంటనే బాజాభజంత్రీలు, ఆపైన ఎవరో "అమ్మా, ఇటు కెమెరా వైపు చూడండి" అంటున్నారు. కథ పేరు మిగిలింది, కథ ఉన్న చోటులో పెళ్ళి వచ్చి కూర్చుంది.

"పెళ్ళి బాగానే జరిగినట్టుంది," అని గొణిగారు సుందరమ్మగారు. 

హైమ ఆ పెళ్ళిని ఆపేసింది. ఇక చేసేదేముంది, ఉన్నవైనా భద్రంగా ఉంటాయి, జత కలిపేద్దాం అని నన్ను చేతిలోకి తీసుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. సొరుగులో పెట్టి తోసింది. చప్పుడు రాలేదు. మళ్ళీ తోసింది. రాలేదు. ఏంటిది అనుకుని లాగి, ఫోను లైటు వేసి నా వీపు చూసింది.

"అమ్మా, ఇందులో పువ్వేంటి?"

ఎండి గోధుమరంగు తిరిగిన రేకుని పిన్నీసుతో ఊడదీసి అరచేతిలో వేసుకుంది. మళ్ళీ తోసింది. టక్! బిళ్ళలు కదలనని మొరాయించి, మూలిగి, చివరికి తిరిగాయి. ఎన్నాళ్ళకో ఒంట్లోకి ప్రాణం వచ్చింది, అది నాకు ఆఖరి ఘడియేమో అనిపించింది. తెరమీద ప్రశ్న వచ్చింది: రెండో డిస్కు వెనకబడి ఉంది, మొదటిదాన్ని బట్టి సరిచేయమంటారా?

"అవునని నొక్కమ్మా," అన్నారు సోమరాజుగారు నీరసంగా. "అదన్నా బాగుపడనీ."

హైమ వేలు మీటమీదకి వెళ్ళింది. ఇంకో చేతిలో ఆ రేకు ఉంది. వేలు ఆగింది.

"ఉండు నాన్నా. వెనకబడిందంటోంది. ఎప్పట్నుంచి?"

ఎప్పట్నుంచైతే ఏంటమ్మా అన్నారాయన. ఆ పిల్లకి మాత్రం అది పట్టుకుంది. కుతూహలం అనేది మనుషులకున్న మంచి గుణాల్లో ఒకటి, దానివల్ల వాళ్ళకి ఎన్ని తంటాలొచ్చినా సరే. మనింట్లోకి బంతిపూలు ఎప్పుడొస్తాయమ్మా అని తల్లిని అడిగింది. దసరాకేనే, పోయిన ఏడాది పూజకి తెప్పించానుగా అన్నారావిడ. హైమ పెట్టె దగ్గరకి వంగి, ఎండిన కుంకుమని గోటితో గీకింది. లోపలినుంచి ఎర్రదీపం తొంగిచూసింది.

"నాన్నా, నువ్వు ఆ కేసెట్లు ఎప్పుడు తీసేశావు?"

"మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు."

హైమ మీటమీంచి వేలు తీసేసింది. కాదని నొక్కింది. పెద్దోణ్ణి లాగి దూరంగా పెట్టింది. నామీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, చదవడానికి మాత్రమే నన్ను తెరిచింది. మహర్నవమి నాటి ఇల్లు ఎలా ఉందో అలాగే తెరమీదికి వచ్చింది. అందులో పాత కేసెట్ల ఫోల్డరు, దాంట్లో గోదారమ్మ కథ.

ముందు "హలో, మైక్ టెస్టింగ్" అని పడుచు సోమరాజుగారి గొంతు. తరవాత చిడతలు. ఆపైన ఆవిడ గొంతు, ఖంగుమని, గదంతా నిండిపోయింది. సోమరాజుగారు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. భ్రమరాంబగారు ఆయన వీపు నిమురుతూనే, నేను బొట్టు పెట్టబట్టేగా అన్నారు. నేను ముందే చెప్పానుగా రెండోదాంట్లో ఉందని అని ఆయన ఆ ఏడుపులోనే అన్నారు. హైమ తల పట్టుకుంది.

సుందరమ్మగారు మాత్రం ఎవరినీ చూడటం లేదు. కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒళ్ళో చిడతలు వాటంతటవే పలుకుతున్నట్టు పలుకుతున్నాయి. ఒకచోట చటుక్కున చెయ్యెత్తారు. హైమ భయపడి ఆపేసింది.

"ఇక్కడ ఒక చరణం మింగేశానమ్మా," అన్నారు గుసగుసగా. "ఆ ఊరి ప్రెసిడెంటుగారు దండ పట్టుకుని వచ్చి నిలబడ్డారు, తొందరలో దాటేశాను. చంద్రకళకి ఇదిలాగే ఎక్కించకూడదు. ఆ చరణం మాట నా దగ్గరుంది. మట్టు మిగతా చరణాలదే, ఇదిగో, ఇక్కడుంది. రెండూ కలిపి నేనే చెబుతాను."

నేను ఇన్నాళ్ళూ ప్రాణంలా దాచినదాంట్లో తప్పుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసే దారి కూడా లేదు.

ఆ తరవాత హైమ నాలో ఉన్నవన్నీ జాగ్రత్తగా ఎత్తి రాసుకుంది. పెద్దోడికి జతగా కొత్తవాణ్ణి తెచ్చింది. వాడిని తోసినప్పుడు టక్ మని వినపడితే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. నన్ను మాత్రం మళ్ళీ అద్దంలో పెట్టనంది. ఒకే ఇంట్లో పక్కపక్కన ఉంటే పిడుగైనా నాన్నైనా ఇద్దరినీ ఒక్కసారే తీసుకుపోతారు, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి అంది. అలా నేను సుందరమ్మగారి ఇంటికి వచ్చాను. చెక్కపెట్టెలో చిడతల పక్కన, కాలి గజ్జెల పక్కన నా చోటు. పొద్దున్నే చంద్రకళ వచ్చి, హైమ ఫోనులో ఎక్కించి ఇచ్చిన కథ వింటుంది. సుందరమ్మగారు గుసగుసగా మాట అందిస్తే, ఈవిడ నోరారా పాడుతుంది. మింగేసిన చరణం అలా రోజూ వినేవాణ్ణి. ఆ కథలో నామీద లేనిది వినడం నాకు అదే మొదలు.

నవరాత్రుల్లో కథ జరిగింది. మైకు సోమరాజుగారిదే. అంతా రికార్డు చేసి, మర్నాడు హైమ వచ్చి నామీద రాసింది. కూడా వచ్చిన భ్రమరాంబగారు కుంకుమ భరిణె తీసి, ఈసారి ఎక్కడ పెట్టమంటావో నువ్వే చూపించు అని కూతుర్నే అడిగి, దూరంగా ఒక మూలకి పెట్టారు. అందరూ కూర్చుని విన్నారు. ఆ చరణం వచ్చినప్పుడు చంద్రకళ తలొంచుకుంది, సుందరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. అయిపోయాక చంద్రకళని దగ్గరికి పిలిచి, రెండో పాట దగ్గర తొందరపడ్డావే అన్నారు.

"వచ్చే ఏడాది సరిచేసుకుంటానండి," అంది చంద్రకళ.

ఆవిడ మింగేసిన చోటూ నా దగ్గరుంది, ఈవిడ తొందరపడ్డ చోటూ నా దగ్గరుంది. వచ్చే ఏడాదికి చోటు ఉంచుకున్నాను.